పిట్ట కొంచెం, పెత్తనం ఘనం: డెస్క్‌టాప్ మీది చిన్న పరికరాలు

ఇంటికి వాకిలి ఎలాంటిదో కంప్యూటర్‌కు డెస్క్‌టాప్ అలాంటిది. మీట నొక్కగానే మొదట కనిపించేది అదే, పని ముగించి లేచేటప్పుడు చివరగా కనిపించేదీ అదే. వాకిలిని శుభ్రంగా, అందంగా ఉంచుకోవాలన్న కోరిక ఎంత సహజమో, ఈ తెరను తమకు నచ్చినట్లు తీర్చుకోవాలన్న కోరిక కూడా అంతే సహజం. అందుకే ఒక మూల గడియారం, మరొక మూల వాతావరణం, పైన హిజ్రీ తేదీ, దాని కింద నమాజ్ వేళలు, పక్కన పచ్చని చీటీ మీద సరుకుల జాబితా, ఆ కింద పిల్లల పరీక్షల పట్టిక వచ్చి చేరుతుంటాయి. ఇలా తెరమీద నిలిచి ఏదో ఒక్క పనిని చేసిపెట్టే చిన్న పరికరాలను విడ్జెట్లు అంటున్నాం. ఒకప్పుడు విండోస్‌లో వీటినే గ్యాడ్జెట్లు అనేవారు. ఈ నెల మన శీర్షికలో వీటి మంచిచెడ్డలు చర్చించుకుందాం.

నేటికీ ఎన్నో కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ ఒకే కంప్యూటర్ ఉంటుంది. దుకాణం లెక్కలు, బ్యాంకు పనులు, పిల్లల పాఠాలు, గల్ఫ్ దేశంలో ఉన్న కుమారునితో వీడియో సంభాషణలు అన్నీ దానిమీదనే సాగుతాయి. అలాంటి ఇంట్లో ఒకరు ముచ్చటపడి తెచ్చిపెట్టిన పరికరం అందరి ఎదుటా నిలుస్తుంది, అందరి పనుల మధ్యా తిరుగుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఈ పరికరాల విషయంలో కూతకంటే పెత్తనం ఘనం. తెరమీద అరచేతి వెడల్పు చోటు మాత్రమే తీసుకునే గడియారం, వెనుక నుండి మొత్తం కంప్యూటర్ మీద అధికారం పొందగలదు. కనుక దేనిని లోనికి రానివ్వాలి, దేనిని గడప వద్దనే ఆపాలి అన్నది అలంకరణకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అది ఇంటి భద్రతకు, ఇంటివారి సమయానికి సంబంధించిన ప్రశ్న.

ఎక్కడ నుండి వచ్చాయి?

ఈ ఆలోచన నాలుగు దశాబ్దాల నాటిది. 1984లో యాపిల్ సంస్థ మెకింటోష్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు దానితోపాటు కాలిక్యులేటర్, అలారం గడియారం, నోట్‌ప్యాడ్, పలకలను జరిపి సరిచేసే చిన్న ఆట వంటి కొన్ని పరికరాలను కూడా ఇచ్చింది. వీటికి డెస్క్ యాక్సెసరీలు అని పేరు. నాటి ఆ యంత్రం మామూలుగా ఒకసారికి ఒక్క ప్రోగ్రామునే నడిపేది. ఉత్తరం టైపు చేస్తున్నవారు మధ్యలో ఒక కూడిక వేసుకోవాలంటే ఉత్తరాన్ని మూసివేయవలసి వచ్చేది. ఆ ఇబ్బందిని తప్పించడానికే ఈ చిన్న పరికరాలు పుట్టాయి. అదే సంవత్సరం బోర్లాండ్ సంస్థ డాస్ కంప్యూటర్ల కోసం సైడ్‌కిక్ అనే ప్రోగ్రామును తెచ్చింది. అది తెరవెనుక నిశ్శబ్దంగా ఉండి, పిలిచినప్పుడు నోట్‌బుక్కును, క్యాలెండర్‌ను, కాలిక్యులేటర్‌ను చూపించి, పని కాగానే తప్పుకునేది. పిలిస్తే రావడం, పని చేసిపెట్టడం, మరలిపోవడం ఈ పరికరాల అసలు ధర్మమని ఈ చరిత్ర చెబుతోంది.

కాలక్రమంలో అవి తప్పుకోవడం మానేసి తెరమీదనే స్థిరపడ్డాయి. 2003లో మెకింటోష్ కోసం కన్ఫాబ్యులేటర్ వచ్చింది. దానిని 2005లో యాహూ కొనుగోలు చేసింది. అదే సంవత్సరం యాపిల్ తన డ్యాష్‌బోర్డ్‌ను, గూగుల్ తన సైడ్‌బార్‌ను ప్రవేశపెట్టాయి. 2007లో మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాతో పాటు గ్యాడ్జెట్ల వరుసను ఇంటింటికీ చేర్చింది. ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగానే అవి కనుమరుగయ్యాయి. గూగుల్ 2011లో, యాహూ 2012లో తమ సేవలను నిలిపివేశాయి. మైక్రోసాఫ్ట్ కూడా 2012లోనే తన గ్యాడ్జెట్లను విరమించుకుంది. యాపిల్ డ్యాష్‌బోర్డ్ 2019 వరకు కొనసాగింది.

ఇందులో మనకొక ఉపయోగకరమైన పాఠం ఉంది. పెద్ద పెద్ద సంస్థలు తెచ్చిన పరికరాలు కూడా చాలావరకు పదేళ్ళు తిరిగేసరికి లేకుండా పోయాయి. కనుక మరొకచోట లేని సమాచారాన్ని విడ్జెట్‌లో మాత్రమే రాసి పెట్టుకోరాదు. బంధువుల ఫోను నంబర్లు, జకాత్ లెక్క, అప్పుపద్దులు డెస్క్‌టాప్ చీటీ మీద ఉంటే ఉండవచ్చు. కాని వాటి అసలు ప్రతి పుస్తకంలోనో, భద్రపరచిన ఫైలులోనో ఉండి తీరాలి.

గడియారం వెనుక ఏముంది?

మైక్రోసాఫ్ట్ తన గ్యాడ్జెట్లను ఎందుకు విరమించుకుందో తెలిస్తే నేటి విడ్జెట్లను ఎలా చూడాలో కూడా తెలుస్తుంది. గ్యాడ్జెట్ అంటే నిజానికి ఒక కట్టగా కట్టిన చిన్న వెబ్ పేజీ. ఇంటర్నెట్‌లో మనం చూసే పేజీలు ఏ హెచ్‌టిఎమ్ఎల్, జావాస్క్రిప్ట్ భాషలలో తయారవుతాయో అదీ వాటితోనే తయారయ్యేది. మామూలు వెబ్ పేజీని బ్రౌజర్‌లో తెరిచినప్పుడు బ్రౌజర్ దాని చుట్టూ ఒక ప్రహరీ కడుతుంది. ఆ పేజీ ఎంత దుర్మార్గమైనదైనా మన ఫైళ్ళను నేరుగా తాకలేదు. గ్యాడ్జెట్ చుట్టూ ఆ ప్రహరీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఏయే అధికారాలు ఉంటాయో అవన్నీ దానికీ సంక్రమించేవి. ఫైళ్ళు తెరవడం, తుడిచివేయడం, వేరే ప్రోగ్రాములను నడపడం అన్నీ దానికి సాధ్యమే.

2012 జూలైలో అమెరికాలోని లాస్ వెగాస్ నగరంలో జరిగే బ్లాక్ హ్యాట్ సదస్సులో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఈ లోపాలను వివరించబోతున్న తరుణంలో మైక్రోసాఫ్ట్ ఒక హెచ్చరిక జారీ చేసింది. విండోస్ విస్టా, విండోస్ 7 వాడేవారు సైడ్‌బార్‌ను, గ్యాడ్జెట్లను పూర్తిగా ఆపివేసుకోవాలని సూచించి, అందుకు అవసరమైన చిన్న సాధనాన్ని కూడా తానే ఇచ్చింది. ఆ తరువాత వచ్చిన విండోస్ 8లో గ్యాడ్జెట్ల జాడే లేదు. తాను తయారుచేసిన సదుపాయాన్ని ఒక సంస్థ తానే వద్దని చెప్పడం అరుదైన విషయం.

ప్రమాదం రెండు రూపాలలో ఉండేది. మొదటిది, దురుద్దేశంతో తయారైన గ్యాడ్జెట్. రెండవది, మంచి ఉద్దేశంతో తయారైనా జాగ్రత్త లోపించిన గ్యాడ్జెట్. వాతావరణం చూపే పరికరం ఇంటర్నెట్ నుండి సమాచారం తెచ్చుకోవాలి. ఆ సమాచారం వచ్చే దారిలో ఎవరైనా ఒక ఆజ్ఞను చొప్పిస్తే, పరికరం దానిని కూడా వాన కబురుగానే భావించి అమలు చేసేది. పాలు పోసే మనిషికి గడప దాకా దారి ఇస్తాం, బీరువా తాళంచెవి ఇవ్వం. ఆనాటి గ్యాడ్జెట్ల వ్యవస్థ వచ్చిన ప్రతివారికీ తాళాల గుత్తి అప్పగించింది. పాత గ్యాడ్జెట్లను కొత్త విండోస్‌లో మళ్ళీ పనిచేయించే కట్టలు ఇంకా కొన్నిచోట్ల దొరుకుతున్నాయి. పాత రోజుల మీద మక్కువతో వాటిని తెచ్చుకోబోయేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఇక్కడే ఒక సులువైన రక్షణ ఉంది. పరికరానికి మన అధికారమే వస్తుంది కనుక, మన అధికారం పరిమితమైతే దాని అధికారమూ పరిమితమవుతుంది. విండోస్‌లో మొదట తయారయ్యే ఖాతా సాధారణంగా సర్వాధికారాలు గల అడ్మినిస్ట్రేటర్ ఖాతా. ఇంట్లో అందరూ దానినే వాడుతుంటే పిల్లవాడు తెచ్చిన బొమ్మ గడియారానికి కూడా తండ్రి అధికారమే లభిస్తుంది. సెట్టింగ్స్‌లో ఖాతాల విభాగానికి వెళ్ళి పిల్లలకు విడిగా స్టాండర్డ్ ఖాతాలు తెరిచి ఇవ్వండి. వారి తెరను వారు ఎలా అలంకరించుకున్నా అది వారి గదికే పరిమితమవుతుంది. పెద్దలు సైతం రోజువారీ పనులకు స్టాండర్డ్ ఖాతాను వాడుకోవడం ఉత్తమం.

నేడు అందుబాటులో ఉన్నవి

2021లో వచ్చిన విండోస్ 11లో విడ్జెట్లు మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. విండోస్ మీటను, డబ్ల్యూ అక్షరాన్ని కలిపి నొక్కితే తెర ఎడమవైపు నుండి ఒక పలక తెరుచుకుంటుంది. వాతావరణం, క్యాలెండర్, చేయవలసిన పనుల జాబితా వంటివి అందులో ఉంటాయి. వాటితోపాటు అడగని వార్తలు, సినిమా కబుర్లు, ప్రకటనలు కూడా వచ్చి చేరుతుంటాయి. ఇవి వద్దనుకునే కుటుంబాలు సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, ఆపైన టాస్క్‌బార్ విభాగాన్ని తెరిచి విడ్జెట్స్ అన్న మీటను ఆపివేస్తే ఆ గుర్తు టాస్క్‌బార్ నుండి తొలగిపోతుంది. మెకింటోష్ వాడేవారికి 2023లో వచ్చిన సొనోమా కూర్పు నుండి డెస్క్‌టాప్ మీదనే విడ్జెట్లు అమర్చుకునే వీలు కలిగింది. లినక్స్ వాడేవారికి కేడీఈ ప్లాస్మాలో ఈ సౌకర్యం 2008 నుండే ఉంది.

విండోస్ తెరను తమ అభిరుచి మేరకు తీర్చుకోవాలనుకునే యువతలో రెయిన్‌మీటర్‌కు మంచి ఆదరణ ఉంది. 2001లో మొదలైన ఈ ప్రోగ్రాము ఉచితం, దాని మూలం ఎవరైనా చదువుకోవడానికి వీలుగా బహిరంగంగా ఉంటుంది. అది పనిచేసే తీరు తెలుసుకోదగినది. రెయిన్‌మీటర్‌లో ఒక్కొక్క పరికరాన్ని స్కిన్ అంటారు. స్కిన్ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగిన ఒక సాదా ఫైలు. అందులో రెండు రకాల అంశాలు ఉంటాయి. మెజర్ అనేది సమాచారాన్ని కొలిచి తెస్తుంది. సమయం ఎంత, డిస్క్‌లో ఖాళీ ఎంత అన్నవి దాని పనులు. మీటర్ అనేది ఆ కొలతను తెరమీద అక్షరంగానో, గీతగానో చూపిస్తుంది. అప్‌డేట్ అన్న చోట 1000 అని ఉంటే అది 1000 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు ఒకసారి కొలత జరుగుతుందని అర్థం.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఈ ఫైలును తెరిచి రంగు మార్చి, అక్షరం పరిమాణం మార్చి, ఫలితం చూసుకుంటే ప్రోగ్రామింగ్‌లో తొలి పాఠం నేర్చుకున్నట్లే. ఒక చిన్న మెలకువ వారికి చెప్పాలి. స్కిన్‌లో తెలుగు అక్షరాలు రాసినప్పుడు అవి ప్రశ్నార్థకాలుగానో, పిచ్చిగీతలుగానో కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైలును భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ అన్న చోట యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఎంచుకుని, ఫాంటుగా విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐని పేర్కొంటే తెలుగు చక్కగా కనిపిస్తుంది.

అయితే ఇతరులు తయారుచేసిన స్కిన్‌లను తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. కొన్ని కట్టలలో సాదా ఫైలుతోపాటు ప్లగిన్ రూపంలో అసలైన ప్రోగ్రాము ముక్కలు కూడా వస్తాయి. సాదా ఫైలును చదివి అర్థం చేసుకోవచ్చు, ప్లగిన్‌ను అలా చదవలేం. గడియారం చూపడానికి బయటి ప్లగిన్ ఎందుకన్న ప్రశ్న వేసుకుంటే చాలా కట్టలు గడప దాటవు.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ కూడా కుటుంబానికి ఉపయోగపడే చిన్న పరికరాల పెట్టె. ఈ పేరుతో తొలి పరికరాలు విండోస్ 95 కాలంలో వచ్చాయి, ప్రస్తుత కూర్పు 2019లో మొదలైంది. ఇందులో ఆల్వేస్ ఆన్ టాప్ అనే సదుపాయం ఉంది. విండోస్, కంట్రోల్ మీటలతోపాటు టీ అక్షరాన్ని నొక్కితే ఎదుట ఉన్న కిటికీ మిగిలినవాటిపైన నిలిచి ఉంటుంది. ఆన్‌లైన్ తరగతి వింటూ నోట్సు రాసుకునే విద్యార్థికి ఇది ఎంతో అనుకూలం.

తెలుగు, ఉర్దూ టైపు చేయడానికి తెచ్చుకునే కీబోర్డు పరికరాల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కీబోర్డు పరికరం మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది. ఉత్తరంలోని అక్షరాన్ని చూసినట్లే బ్యాంకు పాస్‌వర్డ్‌లోని అక్షరాన్ని కూడా చూస్తుంది. ఎవరు తయారుచేశారో తెలియని కీబోర్డును తెచ్చుకోవడం అపరిచితుణ్ణి భుజం వెనుక నిలబెట్టుకోవడమే. విండోస్ 10లో 2019 నుండి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు దానితోనే వస్తోంది. భాషల సెట్టింగులలో తెలుగును చేర్చుకుని, విండోస్ మీటను స్పేస్‌బార్‌తో కలిపి నొక్కుతూ ఒక భాష నుండి మరొక భాషకు మారవచ్చు. ఉన్నదానితో పని జరుగుతున్నప్పుడు బయటిది అవసరం లేదు.

నమాజ్ వేళల విడ్జెట్

మన ఇళ్ళలోని డెస్క్‌టాప్‌ల మీద అన్నిటికంటె ఎక్కువగా నమ్మేది, అన్నిటికంటె తక్కువగా పరీక్షించేది ఈ పరికరాన్నే. తెరమీద అంకెలు కనిపించగానే వాటిని తిరుగులేనివిగా భావిస్తాం. కాని ఆ అంకెలు ఆకాశాన్ని చూసి వచ్చినవి కావు. ఊరు ఏది, తేదీ ఏది, ఏ లెక్క పద్ధతి అన్న మూడు సమాధానాల మీద ఆధారపడిన గణితం అది. వాటిలో ఏ ఒక్కటి తప్పినా ఫలితం తప్పుతుంది.

మొదట ఊరి సంగతి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. హైదరాబాదు ఆ రేఖకు సుమారు 4 డిగ్రీలు పడమరగా ఉంది, విశాఖపట్నం దానికి కొంచెం తూర్పుగా ఉంది. కనుక విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాత సుమారు 19 నిమిషాలకు గాని హైదరాబాదులో నడినెత్తికి రాడు. రెండూ తెలుగు ఊళ్ళే, గడియారమూ ఒక్కటే, జుహ్ర్ ప్రారంభం మాత్రం వేరు. ఇక విడ్జెట్‌లో ఊరిని మార్చకుండా న్యూఢిల్లీని అలాగే వదిలేస్తే తేడా మరింత చిత్రంగా ఉంటుంది. జూన్ నెలలో ఢిల్లీలో సూర్యాస్తమయం హైదరాబాదు కంటే దాదాపు అరగంట ఆలస్యం. డిసెంబరులో అదే ఢిల్లీలో పావుగంట ముందు. 2030లో రమజాన్ ఉపవాసాలు జనవరిలో ఒకసారి, డిసెంబరు చివరలో మరొకసారి మొదలవుతాయి. ఢిల్లీ లెక్క చూపే విడ్జెట్‌ను నమ్మి హైదరాబాదులో ఆ దినాలలో ఇఫ్తార్ చేసేవారు సూర్యుడు ఇంకా ఆకాశంలో ఉండగానే ఉపవాసం విరమించినవారవుతారు.

కొన్ని పరికరాలు ఊరిని తామే కనిపెడతామంటాయి. ఫోనులో ఉండే ఉపగ్రహ సదుపాయం మేజా కంప్యూటర్‌లో సాధారణంగా ఉండదు. అది ఇంటర్నెట్ కనెక్షన్‌ను బట్టి ఊరిని ఊహిస్తుంది. కనెక్షన్ ఇచ్చే సంస్థ కేంద్రం చెన్నైలోనో ముంబయిలోనో ఉంటే కడపలోని ఇల్లు కూడా అక్కడే ఉన్నట్లు చూపవచ్చు. కాబట్టి ఊరిని మనమే చేతితో ఎంచుకోవడం మేలు.

రెండవది లెక్క పద్ధతి. ఫజ్ర్ ప్రారంభాన్ని సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల దిగువన ఉన్నాడన్న దానిని బట్టి లెక్కిస్తారు. కరాచీ ఇస్లామియా విజ్ఞాన విశ్వవిద్యాలయం పేరుతో ఉండే పద్ధతిలో ఇది 18 డిగ్రీలు. ఉత్తర అమెరికా ఇస్లామిక్ సొసైటీ పేరుతో ఉన్న పద్ధతిలో 15 డిగ్రీలు. మన ప్రాంతంలో ఈ 3 డిగ్రీల తేడా సుమారు 13 నిమిషాలకు సమానం. అమెరికాలో స్థిరపడిన బంధువు పంపిన విడ్జెట్‌ను ఏ మార్పూ చేయకుండా ఇక్కడ వాడితే సహరీ గడువు 13 నిమిషాలు ఎక్కువగా కనిపిస్తుంది. మక్కా నగరపు ఉమ్ముల్ ఖురా పద్ధతిలో ఇషాను మగ్రిబ్ తరువాత 90 నిమిషాలకు లెక్కిస్తారు. గల్ఫ్ నుండి తెచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఈ పద్ధతే అమరి ఉండే అవకాశం ఉంది. అస్ర్ విషయంలో హనఫీ పద్ధతి ప్రకారం వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడను మినహాయించి, దాని ఎత్తుకు రెండింతలు కావాలి. షాఫయీ తదితర పద్ధతుల ప్రకారం ఒక్కింత చాలు. హైదరాబాదులో ఈ రెండింటి మధ్య వ్యవధి సుమారు గంట.

హిజ్రీ తేదీ కూడా ఇలాంటిదే. విడ్జెట్ ముందే గణించిన క్యాలెండర్‌ను చూపుతుంది, మన ఊళ్ళలో నెల ప్రారంభం నెలవంక దర్శనంతో నిర్ణయమవుతుంది. అందుకే అనేక పరికరాల్లో తేదీని ఒక రోజు ముందుకు గాని వెనుకకు గాని జరుపుకునే వీలు ఉంటుంది. ప్రతి నెలా నెలవంక ప్రకటన తరువాత దానిని సరిచూసుకోవాలి. ఖిబ్లా చూపే ముల్లు విషయంలో మరొక సంగతి గమనించాలి. మేజా కంప్యూటర్‌లో దిక్సూచి ఉండదు. తెరమీది ముల్లు, తెర పైభాగాన్ని ఉత్తరంగా ఊహించుకుని గీసిన బొమ్మ మాత్రమే. హైదరాబాదు నుండి ఖిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుందన్న అంకె ఉపయోగకరమే. తెరమీది ముల్లు చూపిన వైపుకు తిరగడం మాత్రం సరికాదు.

మేము సూచించే పరీక్ష చాలా సులువు. మీ మొహల్లా మస్జిద్‌లో వేలాడే వేళల పట్టికను తీసుకుని, ఒక వారంపాటు విడ్జెట్ అంకెలతో పోల్చి చూడండి. రెండు మూడు నిమిషాల తేడాను మస్జిద్‌లు జాగ్రత్త కోసం కలిపి ఉండవచ్చు. పది నిమిషాలు దాటితే సెట్టింగ్‌లో ఏదో తప్పు ఉన్నట్లే. కంప్యూటర్ గడియారం సరిగా ఉందో లేదో కూడా చూడండి. పాత యంత్రాలలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం తప్పుతుంది, గడియారం తప్పితే దానిమీద ఆధారపడినవన్నీ తప్పుతాయి. కంప్యూటర్ నిద్రావస్థలో ఉంటే అజాన్ కూడా వినిపించదు. విడ్జెట్ గుర్తుచేసే సాధనం మాత్రమే. నిర్ణయం మస్జిద్ పట్టికకే వదలాలి.

బ్రౌజర్‌లో చేరే యాడ్ఆన్‌లు

డెస్క్‌టాప్ మీద కనిపించకుండా బ్రౌజర్ లోపల చేరే చిన్న పరికరాలు మరొక తరగతి. అర్థాలు చెప్పే నిఘంటువులు, ప్రకటనలను ఆపేవి, పేజీని నల్లగా మార్చేవి ఇందులో ఉన్నాయి. వీటిని చేర్చుకునేటప్పుడు బ్రౌజర్ ఒక వాక్యం చూపుతుంది. మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని ఇది చదవగలదు, మార్చగలదు అన్నది దాని సారాంశం. చాలామంది దానిని చదవకుండానే ఒప్పుకుంటారు. అన్ని వెబ్‌సైట్లు అంటే అందులో బ్యాంకు పేజీ, ఈమెయిల్ కూడా ఉన్నాయి.

ఈ సందర్భంలో ది గ్రేట్ సస్పెండర్ ఉదంతం చెప్పుకోదగినది. వాడకుండా తెరిచి ఉంచిన పేజీలను నిద్రపుచ్చి కంప్యూటర్ వేగాన్ని కాపాడే ఈ క్రోమ్ యాడ్ఆన్‌ను 20 లక్షల మందికి పైగా వాడేవారు. అది సంవత్సరాల తరబడి నిజాయితీగా పనిచేసింది. 2020లో దాని రూపకర్త దానిని వేరొకరికి అమ్మివేశారు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన భాగం ఉన్నదంటూ గూగుల్ దానిని తొలగించింది. వాడేవారు తమవైపు నుండి ఏ పొరపాటూ చేయలేదు. వారు నమ్మి తెచ్చుకున్న పరికరం అదే పేరుతో, అదే గుర్తుతో చేతులు మారింది. ఒకసారి పరీక్షించి చేర్చుకున్నాం కదా అన్న ధీమా చాలదని, ఏటా ఒకటి రెండుసార్లు జాబితా తెరిచి అవసరం తీరినవాటిని తొలగించాలని ఇది హెచ్చరిస్తోంది. తాళం వేసి గొళ్ళెం మరచినట్లు కాకూడదు.

చూపును లాగేవి

భద్రత తరువాత చెప్పుకోవలసినది సమయం. కదిలే వస్తువు కంటిని లాగుతుంది. క్షణక్షణం మారే షేర్ల ధరలు, క్రికెట్ స్కోరు, దొర్లిపోయే వార్తల పట్టీ తెర అంచున ఉంటే, లెక్కలు చేసుకుంటున్న విద్యార్థి చూపు అటు జారుతూనే ఉంటుంది. ఒక్కొక్క చూపు ఒక్క క్షణమే కావచ్చు, మనసు మళ్ళీ లెక్కలోకి రావడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది. సమయం మనకు అప్పగించబడిన అమానత్ అని మన ఇళ్ళలో పెద్దలు పిల్లలకు బోధిస్తుంటారు. ఆ బోధ ఇచ్చిన గదిలోనే సమయాన్ని కొద్దికొద్దిగా కొరికే పరికరాన్ని తెరమీద ఉంచడం పొంతన లేని పని.

దీనికి ఒక చక్కని కొలత ఉంది. అడిగినప్పుడు సమాధానం చెప్పేది మంచి విడ్జెట్, అడగకముందే పిలిచేది చెడ్డ విడ్జెట్. క్యాలెండర్, గడియారం, పనుల జాబితా మొదటి రకం. వార్తల పట్టీ, స్కోరు రెండవ రకం. నమాజ్ వేళకు మోగే గంట మనమే కోరి పెట్టుకున్న పిలుపు కనుక దానికి మినహాయింపు ఉంది.

చీటీల విషయంలోనూ ఒక మాట. డెస్క్‌టాప్ మీది పచ్చని చీటీ, ఇంటికి వచ్చిన ప్రతివారూ చదవగల గోడ వంటిది. వీడియో సంభాషణలో తెర పంచుకున్నప్పుడు అవతలివారు కూడా దానిని చదువుతారు. పాస్‌వర్డులు, ఏటీఎం అంకెలు, ఆధార్ నంబర్లు, ఇంటి ఆడపిల్లల ఫోను నంబర్లు అక్కడ రాయడం ఏమాత్రం తగదు.

మూడు ప్రశ్నలు

చెప్పుకున్నవన్నీ మూడు ప్రశ్నలలో ఇమిడిపోతాయి. కొత్త పరికరం ఏదైనా ఇంటి కంప్యూటర్‌లోకి రాబోతున్నప్పుడు, దానిని తెస్తున్నవారు పెద్దలైనా పిల్లలైనా, ఈ ప్రశ్నలు వేసుకోవడం ఇంటి ఆనవాయితీ కావాలి. ఇది ఎవరి నుండి వస్తోంది? చేసే పనికీ అడిగే అధికారానికీ పొంతన ఉందా? రేపు వద్దనుకుంటే ఆనవాలు లేకుండా పంపించగలమా? మూడింటికీ తృప్తికరమైన జవాబు దొరికితే నిస్సంకోచంగా చేర్చుకోవచ్చు. ఒక్కదానికి దొరకకపోయినా ఆగడం మంచిది. ఉచితం అన్నంత మాత్రాన తొందరపడనవసరం లేదు, పాతది అన్నంత మాత్రాన నమ్మనవసరమూ లేదు.

ఈ నెలలో ఒక సెలవు దినాన కుటుంబమంతా కలిసి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గంట కేటాయించండి. తెరమీద ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా చూసి, గత నెలలో దానిని ఎవరు ఎందుకు వాడారో చెప్పమనండి. ఎవరూ చెప్పలేకపోయిన దానిని తొలగించండి. బ్రౌజర్‌లోని యాడ్ఆన్‌ల జాబితాను తెరిచి అదే పని చేయండి. నమాజ్ విడ్జెట్‌లో ఊరిని, పద్ధతిని సరిచూడండి. పిల్లలకు వేరే ఖాతాలు తెరవండి. ఆపైన మిగిలిన రెండు మూడు పరికరాలను ఎక్కడ, ఏ రంగులో అమర్చాలో నిర్ణయించే పనిని పిల్లలకే అప్పగించండి. వారికి ఆ తెర తమది అనిపిస్తుంది. అందులో ఏముందో, ఎందుకుందో పెద్దలకు తెలిసి ఉంటుంది.